మంచురాణి కథని టీనేజ్ ప్రేమకథగా రాద్దాం – మూడో పాఠం: గాజుముక్క గుచ్చుకున్నాక

పోయిన రెండు పాఠాల్లో మూలకథ చదివి, ఏది ఉంచాలో ఏది తీసేయాలో చూసుకున్నాం, మంచురాణి వెంట వెళ్ళిపోయే కాయ్‌నీ, వాణ్ణి వెతుక్కుంటూ బయల్దేరే ఎదురింటి గెర్డానీ పదహారేళ్ళ వాళ్ళని చేశాం. ఇవాళ్టి ప్రశ్న ఒకటే: ఈ కథలో ప్రేమ ఎక్కడ పెట్టాలి?

చాలామంది చివర్లో, మంచుకోటలో పెడతారు. గెర్డా ఏడుస్తుంది, కన్నీళ్ళు కాయ్ గుండెలో గుచ్చుకున్న మాయ అద్దపు ముక్కని కరిగిస్తాయి, వాడికి అన్నీ గుర్తొస్తాయి. బాగానే ఉంటుంది, కానీ వీళ్ళ మధ్య ఏం పోయిందో ముందే తెలియకపోతే అక్కడ పాఠకుడికి కళ్ళు చెమ్మగిల్లవు.

1844 డిసెంబరులో హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ కోపెన్‌హాగెన్‌లో అచ్చు వేయించిన ఈ కథ ఏడు చిన్న కథలుగా నడుస్తుంది కదా, అందులో రెండోది మళ్ళీ తెరవండి. ఇద్దరూ పక్షుల, జంతువుల బొమ్మల పుస్తకం చూస్తుంటారు, చర్చి గడియారం ఐదు కొడుతుంది, గుండెలో ఏదో పొడిచినట్టు, కంట్లో ఏదో పడినట్టు కాయ్ ఉలిక్కిపడతాడు. అది ఎండాకాలం. వాడు తన చిన్న స్లెడ్జిని (మంచు మీద జారే బండి) మంచురాణి బండికి కట్టుకుని వెళ్ళిపోయేది చలికాలంలో. ఈ రెంటికీ మధ్య నెలలున్నాయి, ఆండర్సన్ వాటిని ఒకటి రెండు పేరాల్లో దాటేశాడు. పిల్లల కథకి అది చాలు. మన కథ మాత్రం ఆ నెలల్లోనే ఉంది: మనిషి ఎక్కడికీ పోలేదు, ఎదురింట్లోనే ఉన్నాడు, కానీ ఇంతకుముందు ఉన్నవాడు కాదు. పదహారేళ్ళ వయసులో ఇంతకన్నా పెద్ద టెన్షన్ ఇంకేముంటుంది చెప్పండి.

అందుకే మొదటి నిర్ణయం కాస్త మొండిగా తీసుకుందాం. దయ్యం చేసిన అద్దం, అది ఆకాశంలో పగిలి ముక్కలు లోకమంతా చెల్లాచెదురు కావడం, ఇదంతా మూలంలో మొట్టమొదటే వస్తుంది. అంటే గాజుముక్క సంగతి పాఠకుడికి తెలుసు, గెర్డాకి తెలీదు. మీరు దాన్ని ముందు నుంచి తీసేసి ఉత్తరాన ఫిన్‌మార్క్‌లో ఉండే స్త్రీ ఇంటి దాకా జరిపేయండి (మూలంలోనూ ఆ ముక్కల మాట ఎత్తేది ఆవిడే). అప్పటిదాకా గెర్డాతోపాటు పాఠకుడు కూడా “వీడికి నేనంటే ఇష్టం పోయింది, అంతే” అనుకోవాలి. మాయ ఉందని ముందే తెలిస్తే అనుమానం రాదు, అనుమానం లేకపోతే వెతకడానికి బయల్దేరడంలో ధైర్యమూ కనపడదు.

ఇక కాయ్ మాటలు. గాజుముక్క పడ్డ కంటికి లోపం పెద్దదిగా కనిపిస్తుంది కానీ లేనిది కనిపించదు. మూలంలో వాడు “ఈ గులాబీకి పురుగు పట్టింది, అదేమో వంకరగా ఉంది” అంటాడు, పురుగు నిజంగానే ఉందేమో. కాబట్టి వాడిచేత ఊరికే తిట్టించకండి. “నువ్వంటే నాకు విసుగు” అని రాస్తే అది ఏ అబ్బాయైనా అనే మాట. “నవ్వే ముందు నువ్వు నా మొహం చూస్తావు, నేను నవ్వానో లేదో అని” అని రాయండి. ఆ మాట నిజం, గెర్డాకీ తెలుసు, అందుకే రాత్రంతా నిద్ర పట్టదు.

ఇప్పుడొక చిన్న సన్నివేశం. ఇందులోని వస్తువు ఆండర్సన్‌దే: చలికాలంలో పిల్లలిద్దరూ రాగి నాణేలు పొయ్యి మీద వేడి చేసి, మంచు పేరుకున్న కిటికీ అద్దానికి అదిమి, గుండ్రటి కన్నాలు చేసుకుని వాటిలోంచి ఒకరినొకరు చూసుకుంటారు. గాజుముక్క తర్వాత వచ్చిన చలికాలంలో ఆ నాణెం ఏమైందో ఆయన చెప్పలేదు, మనం చెబుదాం.

*గెర్డా నాణేన్ని పొయ్యి మీద నుంచి తీసింది. వేళ్ళు చురుక్కుమన్నా వదల్లేదు, అద్దానికి అదిమింది. కన్నం పడింది. ఎదురింటి అద్దం తెల్లగానే ఉంది. ఇంకా లేవలేదేమో అనుకుంది. కన్నం మూసుకుపోతుంటే నాణెం మళ్ళీ వేడి చేసింది. మూడోసారి అదిమినప్పుడు ఆ తెల్లటి అద్దం వెనక దీపం ఇటునుంచి అటు కదిలింది. లేచే ఉన్నాడు.*

బాధ అన్న మాట ఎక్కడా లేదు చూశారా. నాణేన్ని ఆమె మళ్ళీ మళ్ళీ వేడి చేస్తోంది, మనకి కావాల్సింది అంతే. మంచు ఎప్పుడూ చూడని మన పాఠకుడికి కూడా వేలు కాలడం తెలుసు, కాబట్టి చలిని నేరుగా వర్ణించాలని తాపత్రయపడకండి.

మంచురాణి గురించి రెండు మాటలు. దయచేసి ఆమెని టీవీ సీరియల్లో సవతిని చేయకండి. మూలంలో ఆమె మొదటి ముద్దుకి కాయ్‌కి చలి పోతుంది, ఆ తర్వాతి ముద్దుకి గెర్డానీ అవ్వనీ మర్చిపోతాడు. ఆమె వాడికిచ్చేది ప్రేమ కాదు, ఏమీ అనిపించకపోవడం. బండి మీద పోతూ భయమేసి ప్రార్థన చేద్దామంటే ఎక్కాలు తప్ప ఏదీ గుర్తురాదు వాడికి (మన ఇంటర్ పిల్లలకి దీన్ని వేరే వివరించక్కర్లేదు). ఇంకొకటి, అంతకు ముందు చలికాలంలోనే ఓ సాయంత్రం వాడు అదే కన్నంలోంచి ఆమెని చూశాడు, రమ్మని చెయ్యూపితే భయపడి కుర్చీ దిగిపోయాడు. ఆ సంగతి గెర్డాకి చెప్పాడని మూలంలో లేదు. ఎందుకు దాచాడో మీరు తేల్చుకుంటే కాయ్ మీ సొంత పాత్ర అవుతాడు.

అభ్యాసం: వాడు స్లెడ్జి తీసుకుని వెళ్ళబోయే ముందు రోజు, ఇద్దరూ మేడమీద గులాబీ తొట్ల దగ్గర. ఒక పేజీ, గెర్డా వైపు నుంచి. ప్రేమ, గుండె, కన్నీళ్ళు అన్న మాటలు వాడకూడదు. వాడు ఒక్క నిజమైన లోపం ఎత్తిచూపాలి, ఆమె జవాబు చెప్పకుండా చేతులతో ఏదో ఒక పని చేయాలి. రాశాక పైకి చదవండి, ఎక్కడ గొంతు సాగదీస్తున్నారో అక్కడ కొట్టేయండి.

వచ్చే పాఠం మంత్రాలు తెలిసిన ముసలామె పూలతోటలో. అక్కడొక లిల్లీ పువ్వు చితి మీద నిలబడ్డ హిందూ స్త్రీ కథ చెబుతుంది, అదీ బెంటింక్ 1829లో సతిని నిషేధించిన పదిహేనేళ్ళకి అచ్చయిన డెన్మార్క్ కథలో. తెలుగులో రాసేటప్పుడు దాన్ని ఉంచాలా తీసేయాలా అన్నది ఈలోపు ఆలోచించి పెట్టుకోండి.