డ్రిప్పులో జీవామృతం: టమోటాకు నేను పోసే తీరు
పత్తికొండ పక్కన మాది ఎకరా ఎర్రనేల. పేడ, మూత్రం, బెల్లం పులియబెట్టి చేసే జీవామృతం మొదలుపెట్టిన ఏడాది వడకట్టకుండానే వెంచురీకి, అంటే డ్రిప్పు నీళ్లలోకి ద్రావణాన్ని పీల్చే గొట్టానికి, పెట్టేశాను. మూడో రోజుకు సగం మొక్కలు వాడిపోయాయి. పైపు ఎత్తి చూస్తే డ్రిప్పర్ల నిండా పేడ పీచు. నేనూ మా ఇంటామె గుండుసూదులు పట్టుకుని రెండు పూటలు సాలు సాలూ తిరిగాం. ఆమె తిట్లు వేరే లెక్క.

ఎకరాకు 200 లీటర్ల డ్రమ్ము. 10 కిలోల నాటావు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల నల్లబెల్లం, 2 కిలోల శనగపిండి లేదా ఉలవపిండి, గట్టు మీది మట్టి పిడికెడు, మిగతాది నీళ్లు. గోనెసంచి కప్పి నీడలో పెట్టి, పొద్దునా సాయంత్రం కట్టెతో తిప్పాలి. రెండు రోజులకు నురగ కడుతుంది, పులిసిన వాసన వస్తుంది. వారంలోపు వాడేయాలి. కుళ్లు కంపు కొడితే పారబోయడమే.

అసలు పని వడకట్టడం. ముందు రోజు రాత్రి కదపకుండా వదిలేస్తాను. పొద్దున పైతేటను దోమతెరలో ఒకసారి, పాత నూలు చీర రెండు మడతలేసి ఇంకోసారి వడకడతాను. ముందు ఉత్త నీళ్లు, తర్వాత జీవామృతం, ఆఖరున 20 నిమిషాలు మళ్లీ ఉత్త నీళ్లు. ఈ ఆఖరి నీళ్లు మానేస్తే మళ్లీ గుండుసూదులే. అడుగున మిగిలిన మడ్డిని బకెట్‌తో మొక్కల మొదట్లో పోస్తాం.

నారు నాటిన 15 రోజులకు మొదలుపెట్టి, 15 రోజులకోసారి. ఆకుల మీద కొట్టాలంటే 10 లీటర్ల నీళ్లకు లీటరు చాలు, అదీ చల్లపొద్దున. కోతలు మొదలయ్యాక కాయ మీద కొట్టను, తినే సరుకు కదా. తెగులు మందుతో కలపొద్దు, సూక్ష్మజీవులు చస్తాయి.

నాలుగు సాళ్లకు పోయకుండా వదిలి చూశాను. కాయ సైజులో చెప్పుకోదగ్గ తేడా లేదు. పోసిన సాళ్లు మాత్రం పచ్చగా నిలిచి, రెండు కోతలు ఎక్కువిచ్చాయి. ఇదే ఎరువు అనుకుని పశువుల ఎరువు మానేస్తే మాత్రం పైరు ఎత్తుకోదు. కాయ అడుగు నల్లబడటం కూడా దీంతో పోదు. అది సున్నం అందని లోపం, తడి ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ అయితే వస్తుంది.

ఈసారీ నాలుగు సాళ్లు వదిలాను. అవి కూడా పచ్చగానే ఉన్నాయి. మడ్డి బకెట్ మా ఇంటామె చేతిలో ఉంటుంది, నాకు అక్కడే అనుమానం.