దీర్ఘకాలిక నొప్పికి మూలికలు, ఇతర పద్ధతులు: ఎంచుకునే తీరు, పరీక్షించే తీరు

మూడు నెలలు దాటినా తగ్గని నొప్పిని, తగ్గినట్టే తగ్గి పదే పదే తిరగబెట్టే నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో దీనికి ప్రత్యేకమైన విభాగం ఉంది. అందులో కొన్ని రకాల నొప్పిని మరో జబ్బుకు లక్షణంగా కాక, దానికదే ఒక జబ్బుగా గుర్తించారు. గాయం మానిన తరువాత కూడా నరాల వ్యవస్థ అతిగా స్పందిస్తూనే ఉండే సందర్భాలు చాలా ఉన్నాయి కనుక, మూలికతోనైనా సూదులతోనైనా నొప్పిని వేళ్ళతో సహా పెకలించగలమన్న ఆశతో మొదలుపెడితే మిగిలేది నిరాశే. నొప్పి కొంత తగ్గడం, నిద్ర పట్టడం, ఆగిపోయిన పనులు తిరిగి చేసుకోగలగడం అనేవి అందుబాటులో ఉన్న లక్ష్యాలు. ఈ వ్యాసంలోని సూచనలన్నీ ఆ లక్ష్యాలను దృష్టిలో పెట్టుకొని చెప్పినవే.

ఏ మూలికనూ ముట్టుకోకముందే నొప్పికి కారణం ఏమిటో ఒకసారి వైద్యునిచేత నిర్ధారణ చేయించుకోవాలి. నడుమునొప్పితోపాటు మలమూత్రాలపై అదుపు తప్పడం, తొడల మధ్య భాగం మొద్దుబారడం, కాలు చచ్చుబడటం వంటివి కనిపిస్తే అది గంటల్లో ఆసుపత్రికి చేరవలసిన పరిస్థితి. జ్వరం, కారణం తెలియకుండా బరువు తగ్గడం, పడుకున్నా తగ్గక రాత్రిపూట పెరిగే నొప్పి, గతంలో క్యాన్సర్ వచ్చిన చరిత్ర, దెబ్బ తగిలిన తరువాత మొదలైన నొప్పి కూడా ఇంటి చికిత్సకు లొంగేవి కావు. యాభై ఏళ్ళు దాటినవారిలో కొత్తగా వచ్చిన కణత నొప్పికి, నమిలేటప్పుడు దవడ నొప్పి, చూపు మసకబారడం తోడైతే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు, చూపు శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది.

కారణం తెలిసిన తరువాత, మీది ఏ తరహా నొప్పో చూసుకోవాలి. కీళ్ళ అరుగుదల, కండరాల పట్టివేత వంటివి ఒక తరహా. వాటిలో నొప్పి కదలికను బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మంట, సూదులు గుచ్చినట్టు ఉండటం, తిమ్మిరి, కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం నరాల నొప్పికి గుర్తులు. మధుమేహం వల్ల పాదాలలో వచ్చే మంట, సర్పి తగ్గాక మిగిలే నొప్పి ఈ కోవకు చెందుతాయి. ఫైబ్రోమయాల్జియాలో వలె ఒళ్ళంతా నొప్పి, అలసట, నిద్రలేమి కలిసి వచ్చేది మూడో తరహా. మొదటి తరహాకు పనికివచ్చే గుళిక మూడో తరహాకు పనికిరాకపోవచ్చు. ఒకరికి అద్భుతంగా పనిచేసిన మందు మరొకరికి ఏమీ చేయకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ముందుగా ఒక పుస్తకం

మందు మొదలుపెట్టడానికి ముందు కనీసం ఒక వారంపాటు, ఏ మార్పూ చేయకుండా, రోజూ ఒకే సమయానికి నొప్పిని సున్నా నుంచి పది వరకు అంకెలో రాసుకోవాలి. అంకె ఒక్కటే చాలదు, దాని పక్కన రెండు పనులను ఎంచుకొని వాటి వివరం రాయాలి. ఉదాహరణకు ఒక రోజు రాత ఇలా ఉండవచ్చు: "నొప్పి 6. మెట్లు ఒక అంతస్తు, మధ్యలో ఒకసారి ఆగాను. రాత్రి రెండుసార్లు మెలకువ. మామూలు మాత్ర ఒకటి వేసుకున్నాను." ఇంతకు మించి రాయనక్కరలేదు, రాస్తే నాలుగో రోజుకే విసుగు పుడుతుంది. దీర్ఘకాలిక నొప్పిపై జరిగిన పరీక్షలను విశ్లేషించినప్పుడు, పది అంకెల కొలతలో రెండు అంకెలు, అంటే దాదాపు 30 శాతం తగ్గినప్పుడే రోగులు దానిని చెప్పుకోదగ్గ మేలుగా భావించారని తేలింది. ఆరు నుంచి అయిదున్నరకు దిగితే అది మందు గొప్పదనమో, ఆ వారం పని తక్కువగా ఉండటమో ఎవరూ చెప్పలేరు.

మరో నియమం ఇంతకంటే ముఖ్యమైనది, ఎక్కువమంది తప్పేది కూడా ఇదే: ఒకేసారి ఒక్కటే మొదలుపెట్టాలి. పసుపు గుళిక, అల్లం సారం, కొత్త తైలం, సూదుల వైద్యం అన్నీ ఒకే వారంలో ఆరంభిస్తే, మేలు జరిగినా దేనివల్లో తెలియదు, దద్దురు వచ్చినా దేనివల్లో తెలియదు.

పైపూతలు

మోకాలు, చేతివేళ్ళ కీళ్ళు వంటి చర్మానికి దగ్గరగా ఉన్న చోట్ల నొప్పికి పైపూతతో మొదలుపెట్టడం తెలివైన పని అని నా అభిప్రాయం. రక్తంలో కలిసేది చాలా తక్కువ కనుక కడుపుకు, కాలేయానికి, వాడుతున్న ఇతర మందులకు వచ్చే ఇబ్బంది కూడా తక్కువే. వీటిలో ఆధారాలు గట్టిగా ఉన్నది మిరపకాయకు కారాన్నిచ్చే క్యాప్సైసిన్. అది నరాల కొసలలో వేడిని పసిగట్టే గ్రాహకాన్ని తట్టిలేపుతుంది. ఆ గ్రాహకాన్ని 1997లో క్యాప్సైసిన్ సాయంతోనే గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. పదే పదే తట్టిలేపడం వల్ల ఆ నరాల కొసలు క్రమంగా స్పందించడం మానుకుంటాయి. అందుకే మొదట మంట, తరువాత ఉపశమనం.

ఈ క్రమం తెలియక చాలామంది రెండో రోజే ట్యూబును పక్కన పడేస్తారు. కీళ్ళ అరుగుదలకు సాధారణంగా 0.025 శాతం, నరాల నొప్పికి 0.075 శాతం లేపనాన్ని రోజుకు మూడు నాలుగుసార్లు, బఠాణీ గింజంత తీసుకొని, చర్మంపై తెల్లదనం కనిపించకుండా పోయేవరకు రుద్దాలి. రోజుకు ఒకసారి రాస్తే మంట తప్ప మేలు ఉండదు. క్రమం తప్పకుండా రాస్తే తొలి ఒకటి రెండు వారాలలో మంట తగ్గుముఖం పడుతుంది, ఫలితం తేలడానికి నాలుగు వారాల వరకు ఆగాలి. రాసిన వెంటనే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. రాసుకున్నది చేతివేళ్ళకే అయితే అరగంట ఆగి కడుక్కోవాలి, ఈలోగా కంటిని, ముక్కును తాకకూడదు. క్యాప్సైసిన్ నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. కనుక మంట భరించలేనంతగా ఉంటే వంటనూనెలో ముంచిన దూదితో తుడిచి, ఆ తరువాత సబ్బు వాడాలి. వేడినీటి స్నానానికి ముందూ వెనుకా రాయడం, రాసిన చోట కట్టు బిగించడం, వేడి కాపడం పెట్టడం, పగిలిన చర్మంపై పూయడం చేయకూడదు. నరాల నొప్పికి 8 శాతం క్యాప్సైసిన్ పట్టీ కూడా ఉంది కానీ, దానిని శిక్షణ పొందినవారు ఆసుపత్రిలోనే అతికిస్తారు. ఒకసారి అతికిస్తే ఫలితం మూడు నెలల వరకు ఉండవచ్చు.

తలంతా బిగదీసినట్టుండే తలనొప్పికి నుదుటికి, కణతలకు పూసే పది శాతం పెప్పర్‌మింట్ నూనె కొంత ఉపశమనం ఇస్తుంది. పసిపిల్లల ముఖానికి మాత్రం దానిని దగ్గరకు కూడా రానివ్వకూడదు, శ్వాస ఆగిపోయే ప్రమాదం ఉంది.

లోపలికి తీసుకునేవి

పసుపు గురించి ఎంత చెప్పినా ఒక విషయం మరుగున పడుతూ ఉంటుంది. పసుపు పొడిలో కుర్కుమిన్ బరువులో సుమారు మూడు శాతమే, అది కూడా పేగుల నుంచి రక్తంలోకి సరిగా చేరదు. పరీక్షలలో వాడినవి చిక్కబరచిన సారాలు. మోకాలి అరుగుదల ఉన్నవారిపై థాయ్‌లాండ్‌లో జరిగి 2014లో వెలువడిన అధ్యయనంలో, రోజుకు 1500 మిల్లీగ్రాముల పసుపు సారం నాలుగు వారాలకు 1200 మిల్లీగ్రాముల ఐబుప్రోఫెన్ అనే నొప్పి మందుతో దాదాపు సమానంగా పనిచేసింది. ఇది ఆశాజనకమే అయినా, నాలుగు వారాల ఫలితాన్ని నాలుగేళ్ళకు సాగదీయలేము. శోషణ పెంచడానికి చాలా గుళికలలో మిరియాల సారమైన పైపరీన్ కలుపుతారు. కుర్కుమిన్‌ను రక్తంలో నిలబెట్టే ఆ గుణమే ఇతర మందులను కూడా శరీరంలో ఎక్కువసేపు నిలబెట్టగలదు. అదీగాక, ఇలాంటి శోషణ పెంచిన పసుపు గుళికలు వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్న సంఘటనలు పలు దేశాల నుంచి నమోదయ్యాయి. కళ్ళు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులోకి మారడం, ఒళ్ళంతా దురద, అన్నహితవు పోవడం కనిపిస్తే గుళికను ఆ పూటే ఆపి కాలేయ పరీక్ష చేయించుకోవాలి. పిత్తాశయంలో రాళ్ళు ఉన్నవారు, రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారు వైద్యుని అడగకుండా మొదలుపెట్టకూడదు.

శల్లకి చెట్టు జిగురు నుంచి తీసే బోస్వెలియా సారం కీళ్ళ అరుగుదలలో నొప్పిని కొంత తగ్గిస్తుందని కొన్ని పరీక్షలు చూపాయి. మేలు పెద్దది కాదు, అయితే దుష్ప్రభావాలు కూడా ఎక్కువగా కడుపులో తిప్పడం, విరేచనాలతోనే సరిపెట్టుకుంటాయి. అల్లానికి నెలసరి నొప్పిలో ఉన్నంత ఆధారం కీళ్ళనొప్పులలో లేదు.

విల్లో చెట్టు బెరడు కథ కాస్త వేరు. ఎండిన బెరడుతో జ్వరాలు తగ్గుతున్నాయని ఎడ్వర్డ్ స్టోన్ అనే మతాచార్యుడు 1763లోనే లండన్ రాయల్ సొసైటీకి లేఖ రాశాడు, అందులోని సాలిసిన్ ఆస్పిరిన్‌కు బంధువు. నడుమునొప్పి పరీక్షలలో రోజుకు 120 నుంచి 240 మిల్లీగ్రాముల సాలిసిన్ ఇచ్చారు, ఎక్కువ మోతాదుకు ఎక్కువ ఫలితం కనిపించింది. బంధుత్వం ఉన్నచోట చిక్కులు కూడా ఉంటాయి: ఆస్పిరిన్ పడనివారు, కడుపులో పుండు ఉన్నవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భిణులు, పిల్లలు దీనిని వాడకూడదు. దక్షిణాఫ్రికా ప్రాంతపు ఎడారులలో పెరిగే డెవిల్స్ క్లా అనే మొక్క దుంపకు కూడా నడుమునొప్పిలో కొంత ఆధారం ఉంది. కడుపులో పుండ్లు, పిత్తాశయ రాళ్ళు ఉన్నవారికి అది తగదు.

"మూలికే కదా, హాని ఏముంటుంది" అన్న మాటకు జవాబు బటర్‌బర్ అనే మొక్క చరిత్రలో ఉంది. మైగ్రేన్ నివారణకు దానిని 2012లో అమెరికా నాడీవైద్యుల అకాడమీ గట్టిగా సిఫారసు చేసింది, కాలేయానికి హాని గురించిన ఆందోళనతో 2015లో ఆ మార్గదర్శకాన్ని ఉపసంహరించుకుంది. కాంఫ్రే ఆకును పైపూతగా తప్ప లోపలికి తీసుకోకూడదన్నది కూడా కాలేయం కోసమే. దిగులు తగ్గడానికి వాడే సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక, నొప్పికి ఇచ్చే ట్రమడాల్, డులోక్సెటిన్ వంటి మందులతో కలిస్తే నరాల మధ్య సంకేతాలు మోసే సెరటోనిన్ అనే రసాయనం ప్రమాదకరంగా పెరిగిపోవచ్చు. గర్భనిరోధక మాత్రల పనితనాన్ని కూడా అది తగ్గిస్తుంది.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది చెప్పకుండా కలిపే కల్తీ. కీళ్ళనొప్పులకు మూలికా ఉత్పత్తిగా అమ్ముడవుతున్న ఒక మాత్రలో డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు, డెక్సామెథసోన్ అనే స్టిరాయిడ్ ఉన్నాయని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2022లో హెచ్చరించింది. ఏళ్ళనాటి నొప్పి రెండు మూడు రోజుల్లో మంత్రం వేసినట్టు మాయమైతే, ఆకలి విపరీతంగా పెరిగి ముఖం ఉబ్బితే, చక్కెర అదుపు తప్పితే అనుమానించవలసింది దీనినే. అప్పుడు ఆ మాత్రను హఠాత్తుగా మానేయడం కూడా ప్రమాదమే, సీసాతో సహా వైద్యుని వద్దకు వెళ్ళాలి. కొనేటప్పుడు మొక్క శాస్త్రీయ నామం, ఏ భాగం వాడారు, ఒక్కో గుళికలో క్రియాశీల పదార్థం ఎన్ని మిల్లీగ్రాములు, బ్యాచ్ సంఖ్య, స్వతంత్ర ప్రయోగశాల పరీక్ష వివరం ఉన్నాయో లేదో చూడాలి. "సొంత మిశ్రమం" అని మాత్రమే రాసి, ఏది ఎంతో చెప్పని సీసాను అక్కడే వదిలేయాలి.

మందు లేని పద్ధతులు

ఒక్కటే ఎంచుకోమంటే నేను కదలికనే ఎంచుకుంటాను. దీర్ఘకాలిక నడుమునొప్పికి మందులకంటే ముందు వ్యాయామం, యోగా, తాయ్ చీ (నెమ్మది కదలికలతో చేసే చైనా వ్యాయామం), ధ్యానం, ఆక్యుపంక్చర్ (సూదుల వైద్యం) వంటివి ప్రయత్నించాలని అమెరికా వైద్యుల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో సూచించింది. మోకాలి అరుగుదలలో తాయ్ చీ ఫిజియోథెరపీకి తీసిపోదని 2016లో ఒక పరీక్ష చూపింది. తప్పు ఎక్కువగా మోతాదులో జరుగుతుంది: నొప్పి తక్కువగా ఉన్న రోజు చేతనైనంతా చేసేసి, తరువాత రెండు రోజులు మంచం పట్టడం. దానికి విరుగుడుగా, బాగా లేని రోజు కూడా చేయగలిగినంత సమయాన్ని ప్రాతిపదికగా పెట్టుకోవాలి. అది ఆరు నిమిషాల నడకే కావచ్చు. మంచి రోజున కూడా ఆరు నిమిషాలే నడిచి, వారానికి ఒకటి రెండు నిమిషాల చొప్పున పెంచాలి. వ్యాయామం తరువాత పెరిగిన నొప్పి మర్నాటికి మామూలుకు వస్తే ఆ మోతాదు సరిపోయినట్టే. రాకపోతే కొంత తగ్గించాలి.

ఆక్యుపంక్చర్ విషయంలో ఇరవై వేల మందికి పైగా రోగుల సమాచారాన్ని కలిపి విశ్లేషించిన 2018 నాటి అధ్యయనం, ఏ సూదులూ లేనివారితో పోలిస్తే ఉపశమనం గణనీయంగా ఉందని, ఉత్తుత్తి సూదులతో పోలిస్తే తేడా చిన్నదని తేల్చింది. సూదులు ఒక్కసారి వాడి పారేసేవే అయి ఉండాలి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2021లో, నొప్పే జబ్బుగా ఉన్న సందర్భాలలో ఆక్యుపంక్చర్‌ను పరిశీలించవచ్చని, చర్మం మీద విద్యుత్ ప్రేరణ ఇచ్చే టెన్స్ యంత్రాన్ని మాత్రం ఇవ్వవద్దని చెప్పింది. టెన్స్ వల్ల మేలు కలిగినా అది యంత్రం నడిచినంతసేపే ఎక్కువగా ఉంటుంది. పేస్‌మేకర్ ఉన్నవారు వాడకూడదు. వేడి కాపడం పట్టేసిన కండరాలకు హాయినిస్తుంది, అయితే మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవారికి కాలినా తెలియదు.

జాన్ కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో ఆరంభించిన ఎనిమిది వారాల ధ్యాన శిక్షణ మొదట దీర్ఘకాలిక నొప్పి ఉన్నవారిని ఉద్దేశించినదే. నొప్పి అంకె పెద్దగా మారకపోయినా, దాని గురించిన భయం తగ్గి నిద్ర మెరుగుపడటం దీనిలో కనిపించే లాభం. కనుక పుస్తకంలో నిద్ర వివరం రాయడం మరువకూడదు.

కొనసాగించాలా, ఆపాలా

లోపలికి తీసుకునే మూలికకు ఆరు నుంచి ఎనిమిది వారాలు గడువు ఇచ్చి పుస్తకం తిరగేయాలి. రెండు అంకెల తేడా గానీ, పనులలో స్పష్టమైన మార్పు గానీ లేకపోతే ఆపాలి, మోతాదు పెంచుకుంటూ పోకూడదు. మేలు కనిపించినా ఒకసారి రెండు వారాలు ఆపి చూడటం మంచిది. నొప్పి తిరిగి వస్తే గుళిక పనిచేస్తున్నట్టు. రాకపోతే దాని అవసరం తీరినట్టు. శస్త్రచికిత్స ఉంటే రెండు వారాల ముందే మూలికలన్నీ ఆపి, ఆ సంగతి మత్తు వైద్యునికి చెప్పాలి. మూలికతో ఉపశమనం కలిగిందని వైద్యుడు రాసిన ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ అనే నరాల నొప్పి మందులు, ఓపియాయిడ్లు (మార్ఫిన్ తరహా నొప్పి మందులు), స్టిరాయిడ్లు వంటివి ఒక్కసారిగా మానేయకూడదు. పుస్తకాన్ని చూపించి, ఏ వారం ఎంత తగ్గించాలో ఆయన చేతే అందులో రాయించుకోవాలి.