ఇంట్లో పెద్దవాళ్లకు సర్ది, జరం పట్టుకుంటే దమ్ము, అంటే ఊపిరి, ఎలా చూడాలి?

థర్మామీటర్, పారాసిటమాల్, వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే ఆక్సీమీటర్, సెకండ్ల ముల్లున్న గడియారం, మాస్కులు. ఇవి చాలు.

మంచాన్ని కిటికీ పక్కకు జరపండి. దగ్గరికి పోయేవాళ్లు మాస్కు పెట్టుకోవాలి. నీళ్లు కొద్దికొద్దిగా తాగించండి. జొన్న జావలో మజ్జిగ, ఉప్పు కలిపి ఇస్తే మా పాలమూరు దిక్కు అంతకుమించిన తిండి లేదు. నోటితో తాగగలిగే మనిషికి గ్లూకోజ్ బాటిల్ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆవిరితో ముక్కు తెరుచుకుంటుంది తప్ప వైరస్ చావదు. పారాసిటమాల్ 650 ఆరేసి గంటల ఎడంతో, రోజుకు నాలుగు దాటకుండా వేయండి. లివర్ జబ్బు ఉంటే, రోజూ తాగే అలవాటుంటే ముందు డాక్టర్‌ను అడగాలి. చాలా సర్ది గోలీల్లోనూ అదే మందు ఉంటుంది, రెండూ కలపకండి. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. ఏం మందో చెప్పని సూది అసలే వద్దు. షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లను, 65 దాటినవాళ్లను మొదటి రెండు రోజుల్లోనే డాక్టర్‌కు చూపించండి. ఫ్లూ మందు తొందరగా మొదలుపెడితేనే పనికొస్తుంది.

అందరూ చెడగొట్టేది వేలికి మిషన్ పెట్టేటప్పుడే. మా పెద్దమ్మకు జరం వచ్చినప్పుడు తమ్ముడు ఒక పక్క నుంచి చూసి 98 అన్నాడు. ‘హమ్మయ్య’ అని అందరం టీ తాగాం. అరగంటకు నేను ఇటుపక్క నుంచి చూస్తే 86! ఆ అంకెల్లో 86ను తలకిందులుగా చూస్తే అచ్చం 98లాగే ఉంటుంది. అందుకే మిషన్ మీద రాసిన అక్షరాలు నిటారుగా కనబడేలా పట్టుకొని చదవండి. రెండు అంకెలుంటాయి. గుండె బొమ్మ పక్కన ఉండేది నాడి, రెండోది ఆక్సిజన్. నాడిని చూసి ఆక్సిజన్ బాగుందని మురిసేవాళ్లను ఎంతమందిని చూశానో!

ముందు మనిషిని ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. చేయి చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచండి. గోళ్ల రంగు, గోరింటాకు లేని వేలికి పెట్టండి. పెట్టగానే వచ్చే అంకెను నమ్మొద్దు, నిమిషం ఆగి నిలకడగా ఉన్నదే రాసుకోండి. 95, ఆపైన ఉంటే పర్వాలేదు. 93, 94 అయితే మళ్లీ చూసి డాక్టర్‌కు ఫోన్ చేయండి. 92కు దిగితే దవాఖానే. పాత ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్ల మామూలు అంకె ఎంతో డాక్టర్‌ను ముందే అడిగి పెట్టుకోవాలి.

మిషన్ కన్నా నేను కళ్లనే ఎక్కువ నమ్ముతాను. ‘దమ్ము లెక్కపెడుతున్నా’ అని చెప్పారో, ఆ మనిషి ఊపిరి తీరే మారిపోతుంది. నాడి చూస్తున్నట్టు చేయి పట్టుకొని, చూపు మాత్రం దుప్పటి మీద పెట్టండి. పొట్ట ఒకసారి లేచి దిగితే ఒకటి. పదిహేను సెకండ్లు చూసి నాలుగుతో గుణించే పని వద్దు, నిండా నిమిషం లెక్కపెట్టాలి. 12 నుంచి 20 మామూలు. 24 అయితే ఆ పూటే డాక్టర్ దగ్గరికి. 30కి చేరినా, పెదాలు నీలంగా మారినా, మాట పూర్తి చేయలేకపోయినా, మనిషి తికమకగా మాట్లాడినా మిషన్‌లో ఎంతున్నా సరే 108కి ఫోన్ చేయండి.

పూటకోసారి టైము, జరం, ఆక్సిజన్, దమ్ము లెక్క ఒక కాగితం మీద రాయండి. దవాఖానకు పోతే ఆ కాగితమే ముందు చూపించండి.