కషాయాల క్యాన్లు: పేరు, తేదీ, లెక్క

చెనిక్కాయకు లద్దెపురుగు తగిలిందని తెలిసిన సాయంత్రం షెడ్డులోకి పోతే అయిదారు క్యాన్లు కనబడతాయి. పురుగు కోసం ఆకులు, ఆవుమూత్రంతో ఇంట్లో చేసుకున్న కషాయాలవి. అన్నింట్లోనూ ముదురు గోధుమరంగు నీళ్లే. మూత తీస్తే అన్నీ ఒకటే వాసన. అగ్నిఅస్త్రం ఏది, బ్రహ్మాస్త్రం ఏది, పోయిన నెల కాచింది ఏది, నిరుడు మిగిలింది ఏది అంటే కాచిన మనిషే తడుముకుంటాడు. అనంతపురం, కడప, కర్నూలు పల్లెల్లో ప్రకృతి సేద్యం చేసే ఇళ్లలో కషాయం కాయడం చాలామందికి వచ్చు. కాచినదాన్ని గుర్తుపట్టేలా పెట్టుకోవడం దగ్గరే పని చెడుతోంది. పురుగు చావకపోతే కషాయం మీద నమ్మకం పోతుంది. అది గడువు దాటినదా, ట్యాంకులో తక్కువ పడిందా అని వెనక్కి చూసుకోవడానికి మాత్రం చేతిలో ఏమీ ఉండదు.

ఒక్కో ద్రావణానికి ఒక్కో ఆయుష్షు

లేబుల్ మీద ఒక్క తేదీ రాస్తే చాలదు, మూడు కావాలి: వేసిన రోజు, వాడుకోవడానికి తయారయ్యే రోజు, గడువు తీరే రోజు. ఎందుకంటే ఇవన్నీ ఒకేలా నడవవు.

నేలకు బలమిచ్చే ద్రవ జీవామృతం 200 లీటర్ల డ్రమ్ములో వేస్తాం: 10 కిలోల ఆవుపేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గట్టు మీది మట్టి ఒక గుప్పెడు, మిగతాది నీళ్లు. 48 గంటలు నీడలో పులవాలి. వారంలోపల వాడెయ్యాలి. ఇందులో పనిచేసేది ప్రాణమున్న సూక్ష్మజీవులు. బెల్లం, పిండి తిన్నంతకాలం పెరుగుతాయి, తిండి అయిపోయాక తగ్గిపోతాయి. పులిసిన వాసన పోయి మురుగు వాసన వచ్చిందంటే దాని పని అయిపోయినట్టే.

వేపాకుతో చేసే నీమాస్త్రానికీ వారమే గడువు అనుకోండి. వేపగింజల కషాయం ఇంకా తొందరపెడుతుంది. 5 కిలోల వేపపప్పు పొడిని గుడ్డలో మూటగట్టి 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పిండి, వడకట్టి, 100 లీటర్లు చేసి, 100 నుంచి 200 గ్రాముల సబ్బు కలిపి అదే రోజు కొట్టాలి. రేపటికి దాచేది కాదు. వేపలో పురుగు మీద పనిచేసే పదార్థం అజాడిరక్టిన్ ఎండకు విరిగిపోతుంది, అందుకే ఎండ వాలాక కొట్టమంటారు. దీని క్యానుకు లేబుల్ అక్కర్లేదు, గింజల గోతానికి కావాలి. ఏ ఏడాది, ఏ నెలలో ఏరిన గింజలో అట్టముక్క మీద రాసి గోతంలో ఒకటి వెయ్యండి, బయట ఒకటి కట్టండి. ఏరి 8, 10 నెలలు దాటిన గింజల్లో పస తగ్గిపోతుంది. బూజు పట్టినవైతే తీసి పారెయ్యాలి.

కాచిన వాటికి ఆయుష్షు ఎక్కువ. అగ్నిఅస్త్రం కాచి దించాక 48 గంటలు పులియబెట్టి వడకడితే 3 నెలలు నిలుస్తుంది. బ్రహ్మాస్త్రం 6 నెలలు. పది రకాల ఆకులతో చేసే దశపర్ణి సంగతి వేరు, అది దాదాపు 40 రోజులు నానాలి. దశపర్ణి డ్రమ్ముకు ‘వాడొచ్చు’ తేదీ రాయకపోతే ఇరవయ్యో రోజునే ఎవరో ఒకరు రెండు బిందెలు ముంచుకుపోతారు. ఆ తర్వాత పని చెయ్యలేదంటారు.

క్యాను ఏదిపడితే అది కాదు

వంటనూనె వచ్చే 5 లీటర్ల, 15 లీటర్ల క్యాన్లు మంచివి. సబ్బునీళ్లతో రెండుసార్లు, వేడినీళ్లతో ఒకసారి కడిగి బోర్లించి ఆరబెట్టండి. పురుగుమందుల డబ్బాలు ఎంత కడిగినా వాడొద్దు, ప్లాస్టిక్‌లోకి ఇంకిన మందు వదలదు. కూల్‌డ్రింకు సీసా, మినరల్ వాటర్ బాటిల్, సారా సీసాల్లో కషాయం పొయ్యనే కూడదు. చేనులో దప్పికైన మనిషి సీసా ఆకారం చూసి ఎత్తుకుంటాడు, లేబుల్ చదవడు. మూత్రం పడే ద్రావణాలకు ఇత్తడి, రాగి, ఇనుము పాత్రలు వద్దు. ప్లాస్టిక్ గానీ మట్టికుండ గానీ వాడండి. కాచడానికి కూడా మట్టికుండే మేలు.

పులుస్తున్న జీవామృతం డ్రమ్ముకు మూత బిగించకూడదు. లోపల గ్యాసు పుడుతుంది, డ్రమ్ము ఉబ్బుతుంది, మూత తీయగానే మొహాన చిమ్ముతుంది. గోనెపట్టా కప్పి తాడు కట్టండి. వడకట్టి నిల్వ పెట్టే కషాయాన్ని మాత్రం మెడదాకా నింపకుండా నాలుగు వేళ్ల ఖాళీ వదిలి మూత బిగించాలి. మొదటి వారం రెండు రోజులకోసారి మూత వదులు చేసి మళ్లీ బిగించండి. గుడ్డ రెండు మడతలు వేసి వడకట్టకపోతే అడుగున మడ్డి చేరుతుంది, అది నాజిల్‌లో ఇరుక్కుంటుంది.

లేబుల్

కాగితం అంటించి పైన సెల్లోటేపు వేస్తే నెలకే చెమ్మ లోపలికి దూరి ఊడిపోతుంది. మార్కర్ పెన్నుతో క్యాను మీద రాస్తే మన ఎండలకు అక్షరం తెల్లబడుతుంది. రేకుల షెడ్డులో గోడవారన పెట్టినా అంతే. బాగా నిలిచేవి రెండు. ఒకటి, సైకిల్ షాపుల్లో దొరికే ఎనామిల్ పెయింటు, సన్న బ్రష్షుతో. దీన్ని క్యానుకు శాశ్వతమైన నంబరు వెయ్యడానికి వాడండి. రెండోది పాత ఫ్లెక్సీ ముక్క. తెల్లగా ఉన్న వెనకవైపు రెండంగుళాల వెడల్పు, నాలుగంగుళాల పొడవు ముక్క కత్తిరించి, మూలన బెజ్జం చేసి, పురికొసతో క్యాను పిడికి కట్టండి. దాని మీద పెన్సిల్‌తో గట్టిగా రాయండి. పెన్సిల్ గీత ఎండకు వెలవదు, నీళ్లకు కారదు. క్యాను ఖాళీ అయ్యాక ముక్క తీసి నోటుపుస్తకంలో పెట్టుకోవచ్చు.

ట్యాగు మూతకు కట్టొద్దు. మూతలు మారిపోతాయి, వాటితోపాటు పేర్లూ మారిపోతాయి.

పేర్లకు ఒక్కో అక్షరం చాలు: ‘నీ’ నీమాస్త్రం, ‘అ’ అగ్నిఅస్త్రం, ‘బ్ర’ బ్రహ్మాస్త్రం, ‘ద’ దశపర్ణి. పక్కన ఈ ఏడాదిలో ఎన్నోసారి వేసిందో ఆ అంకె. ట్యాగు ఇలా ఉంటుంది:

అ–4
వేసింది 12–7
వాడొచ్చు 14–7
గడువు 12–10
ట్యాంకుకు 480 మి.లీ.

ఆఖరి వరస అన్నింటికంటే అవసరం. అగ్నిఅస్త్రం పాళ్లు 100 లీటర్ల నీళ్లకు 3 లీటర్లు అనే చెబుతారు. చేనులో చేతిలో ఉండేది 16 లీటర్ల ట్యాంకు. 3 లీటర్లను 100తో భాగిస్తే లీటరు నీళ్లకు 30 మి.లీ., 16 లీటర్లకు 480 మి.లీ. బ్రహ్మాస్త్రం రెండున్నర లీటర్ల పాళ్లయితే ట్యాంకుకు 400 మి.లీ. ఈ లెక్క చేనుగట్టు మీద మనసులో కట్టేది కాదు, ఇంట్లోనే కట్టి ట్యాగు మీద పెట్టండి. ‘ఒక మగ్గు’ అనే కొలత మరచిపోండి. ఒకరి మగ్గు 700 మి.లీ. పడుతుంది, ఇంకొకరిది లీటరున్నర. ఒక లీటరు సీసా అడ్డంగా కోసి, మందులషాపులో దొరికే కొలతగ్లాసుతో 400, 480 దగ్గర నీళ్లు పోసి బయట ఎనామిల్ గీత పెట్టండి. ఆ కొలసీసా క్యాన్ల పక్కనే తాడుకు వేలాడాలి. నీమాస్త్రానికి ‘ట్యాంకుకు’ అనే వరస ఉండదు. దాన్ని నీళ్లు కలపకుండా నేరుగా కొడతారు కాబట్టి ‘నీళ్లు వద్దు’ అని రాయండి. తెలియక పదింతలు పల్చన చేసి కొట్టేవాళ్లు ఉన్నారు.

నోటుపుస్తకం

200 పేజీల గట్టి అట్ట పుస్తకం, ఒక్కో తయారీకి ఒక పేజీ. ఎడమవైపు ఏం వేశామో, కుడివైపు ఏం జరిగిందో. అ–4 పేజీ ఇలా ఉండాలి:

ఎడమన: మూత్రం 10 లీ., వేపాకు 5 కిలోలు, పొగాకు 1 కిలో, పచ్చిమిర్చి అరకిలో, వెల్లుల్లి అరకిలో. నాలుగు పొంగులు. వడకట్టాక వచ్చింది 8 లీ.

కుడివైపు: 17–7 సాయంత్రం, మర్రిచెట్టు మడి, ఎకరా, 6 ట్యాంకులు, పట్టింది 2.9 లీ., మిగిలింది 5.1. కొట్టకముందు 20 చెట్లలో 31 పురుగులు. మూడో రోజు 9. ఆ రాత్రి వాన లేదు.

వాన మాట తప్పకుండా రాయండి. కొట్టిన కాసేపటికే జల్లు పడితే కషాయం ఆకు మీద నిలవదు. అది కషాయం తప్పు కాదని నెల తర్వాత మీకు గుర్తు చేసేది ఆ ఒక్క ముక్కే. పురుగుల లెక్క కూడా ‘చాలా ఉన్నాయి’, ‘తగ్గాయి’ అని కాకుండా అంకెల్లో ఉండాలి. మడిలో నాలుగు మూలలు, నడుమ ఒకచోట, ఒక్కోచోట నాలుగు చెట్లు చూస్తే 20 అవుతాయి. పావుగంట పని.

వచ్చిన కొలత రాయడం వల్ల ఇంకో లాభం ఉంది. 10 లీటర్లు పోస్తే ఒకసారి 8, ఇంకోసారి 6 వచ్చిందంటే రెండోసారి ఎక్కువ మరిగింది, చిక్కబడింది. అలాంటిది ట్యాంకుకు 480 పోస్తే లేత ఆకులు మాడవచ్చు. ముందు పది చెట్ల మీద కొట్టి రెండు రోజులు చూడండి. ఎప్పుడూ ఒక్క మార్పే చెయ్యాలి. పొగాకు తగ్గించి, వేపాకు పెంచి, మరిగించే సేపు కూడా మారిస్తే ఫలితం దేనివల్ల వచ్చిందో ఏ పుస్తకమూ చెప్పలేదు. పీజీఎస్ సర్టిఫికేటుకు (రైతులే ఒకరి చేను ఒకరు చూసి ఇచ్చుకునే సేంద్రియ ధ్రువీకరణకు) వెళ్లే రైతుల గుంపులకు చేనులో ఏం వేశారో చూపే రికార్డు ఎలాగూ కావాలి, ఈ పుస్తకమే అక్కరకొస్తుంది.

విషమే అని రాయండి

ఆకులతో చేసినవి కాబట్టి భయం లేదనే మాట మానుకోవాలి. అగ్నిఅస్త్రంలో పొగాకు ఉంది, దాని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. తల తిరుగుడు, వాంతులు, చెమటలు పడతాయి, ఎక్కువైతే ప్రాణం మీదికి వస్తుంది. బ్రహ్మాస్త్రంలో, దశపర్ణిలో ఉమ్మెత్త వేస్తే అదీ విషమే. ఈ క్యాన్ల మెడకు ఎర్రగుడ్డ కట్టండి. చదువు రాని కూలిమనిషికీ, పిల్లలకూ అది అర్థమవుతుంది. చేతులకు రబ్బరు తొడుగులు, ముక్కుకు గుడ్డ లేకుండా వడకట్టొద్దు. క్యాన్లను నేల మీద కాకుండా పిల్లల చేతికందని ఎత్తులో, తాళం వేసే చోట పెట్టండి. ఎవరైనా మింగితే బలవంతంగా కక్కించకుండా, ట్యాగు తెంచుకుని మనిషితోపాటు ఆసుపత్రికి పట్టుకుపోవాలి. ఏం తాగాడో డాక్టరుకు ఆ ముక్కే చెబుతుంది.

స్ప్రేయర్‌కూ గుర్తు ఉండాలి. కలుపుమందు కొట్టే ట్యాంకు మీద ఎర్ర పెయింటుతో పెద్ద అడ్డగీత వేసి, దాన్ని వేరే దేనికీ వాడొద్దు. 2,4–డి అనే కలుపుమందు చుక్కంత మిగిలినా పత్తి, టమోటా ఆకులు ముడుచుకుపోతాయి. అప్పుడు నింద కషాయం మీద పడుతుంది.

నెలకోసారి, అమావాస్యకో, సంతరోజుకో, క్యాన్లన్నీ బయటికి తీసి చూడండి. గడువు దగ్గరపడ్డవి ముందు వరసలోకి, కొత్తవి వెనక్కి. గడువు తీరిన జీవామృతాన్ని ఎరువుదిబ్బ మీద పోయొచ్చు. పొగాకు, ఉమ్మెత్త పడ్డవైతే బావికీ, చెరువుకీ, పశువులు మేసే చోటుకీ దూరంగా గుంత తీసి పోసి మట్టి కప్పండి. ట్యాగు ఊడిన క్యాను దొరికితే వాసన చూసి ఊహించి పేరు పెట్టొద్దు. అదీ అదే గుంతలోకి.