శాన్ ఫ్రాన్సిస్కో ఫొటో కావాలంటే అవతలి ఒడ్డుకి వెళ్లండి

మా అమ్మాయి వాళ్లు అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర ఫ్రీమాంట్‌లో ఉంటారు. మేం ఏడాదికోసారి వెళ్లి నాలుగైదు నెలలు ఉండి వస్తాం. నేనక్కడ కారు నడపను. అల్లుడికి శని, ఆదివారాలు తప్ప తీరిక దొరకదు. మిగతా రోజుల్లో కెమెరా సంచి భుజాన వేసుకుని బార్ట్ రైలు, ఫెర్రీ, సిటీ బస్సు పట్టుకుని తిరగడం అలవాటైపోయింది. ముప్ఫై మూడేళ్లు సర్వే శాఖలో పనిచేశాను కాబట్టి ఎక్కడికెళ్లినా ముందు దిక్కులు చూసుకుంటాను. బే ఏరియాలో, అంటే శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టూ ఉన్న ఊళ్లలో, ఫొటోలకి ఆ అలవాటే అక్కరకొచ్చింది. పిల్లల దగ్గరికి వెళ్లే నా వయసు వాళ్లకీ, వారం రోజులకి వెళ్లే కుర్రవాళ్లకీ పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటిసారి వెళ్లినప్పుడు అందరిలాగే చూడాల్సిన చోట్లు చీటీ మీద రాసుకుని రెండు రోజులు ఊరంతా తిరిగాను. నాలుగు వందల ఫొటోలు తీస్తే చూపించదగ్గవి పది కూడా లేవు. రెండో రోజు సాయంత్రం అవతలి ఒడ్డున ఉన్న సాసలీటోకి ఫెర్రీ ఎక్కాం. పడవ రేవు వదిలిన పది నిమిషాలకి వెనక్కి తిరిగి చూస్తే కొండలు, మేడలు, ఫెర్రీ బిల్డింగ్ గడియారం, ఓక్లాండ్ వైపు వెళ్లే బే బ్రిడ్జి అన్నీ ఒక్క చూపులో కనిపించాయి. ఊళ్లో ఉన్నంతసేపూ ఊరు కనపడలేదు, నీళ్ల మీదికి వచ్చాక కనపడింది. అప్పుడు తెలిసింది, అఖాతం చుట్టూ ఉన్న ఊళ్లలో మనకి కావలసింది ఏ ఒడ్డున ఉంటే దానికి ఎదురుగా ఉన్న ఒడ్డున నిలబడాలని. మధ్యలో ఉన్న నీటి మీద ఎవరూ మేడ కట్టలేరు, కరెంటు తీగలు అడ్డం రావు. పైగా ఆ నీరు ఆకాశం రంగుని మళ్లీ చూపిస్తుంది.

చోటు వెతకడానికి నేను చేసేది చాలా చిన్న పని. బే మ్యాపు ఒకటి ప్రింటు తీసుకుంటాను. ఫొటో తియ్యాల్సిన దాని మీద చుక్క, దానికి ఎదురు ఒడ్డున మనుషులు నిలబడగలిగే పార్కు మీద ఇంకో చుక్క పెట్టి, రెంటినీ పెన్సిల్‌తో కలుపుతాను. ఆ గీత ఉత్తరం నుంచి ఎన్ని డిగ్రీల్లో ఉందో కొలుస్తాను. ఆ ప్రాంతంలో సూర్యుడు జూన్‌లో సుమారు 300 డిగ్రీల దగ్గర, మార్చి, సెప్టెంబరు నెలల్లో 20వ తేదీ తర్వాత సరిగ్గా పడమర 270 దగ్గర, డిసెంబరులో 240 దగ్గర అస్తమిస్తాడు. గీత ఆ అంకెల మధ్య పడితే ఏడాదిలో ఏదో ఒక రోజు సూర్యుడు మీరు తియ్యాల్సిన దాని వెనకే దిగుతాడు. ఫోన్‌లో ఫొటోపిల్స్ లాంటి యాప్‌లు ఇదే పని క్షణంలో చేస్తాయి. నాకు పెన్సిల్ గీత ఇష్టం, గీసినప్పుడు ఊరు బుర్రకెక్కుతుంది.

ఉదాహరణకి అఖాతం మధ్యలో ఉన్న ట్రెజర్ ఐలండ్ దీవి పడమటి గట్టు నుంచి గోల్డెన్ గేట్ వంతెనకి గీత గీస్తే ఇంచుమించు పడమరకే పోతుంది. అంటే మార్చి, సెప్టెంబరు 20 తర్వాత రోజుల్లో అక్కడ నిలబడితే సూర్యుడు వంతెన దగ్గరే దిగుతాడు. అలాగే బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో కాంపనీలే అనే గడియార స్తంభం ఉంది. దాని మెట్ల దగ్గర నిలబడితే చెట్ల వరసల మధ్య నుంచి సూటిగా గోల్డెన్ గేట్, అంటే అఖాతం సముద్రంలోకి తెరుచుకునే జలసంధి, కనపడుతుంది. అక్టోబరు చివర, ఫిబ్రవరి మధ్యలో సూర్యుడు ఆ ద్వారం వైపే దిగుతాడు. ఫ్రీమాంట్ నుంచి డౌన్‌టౌన్ బర్క్‌లీకి బార్ట్ నేరుగా వెళ్తుంది, స్టేషన్ నుంచి కాంపస్ నడక దూరమే.

ఇక గోల్డెన్ గేట్ వంతెన. 1937లో తెరిచిన ఈ వంతెనని చాలామంది మధ్యాహ్నం పన్నెండింటికి చూసి, ఎండకి వెలిసిపోయిన ఫొటోతో తిరిగి వస్తారు. వంతెన సుమారుగా ఉత్తర దక్షిణాలుగా ఉందన్నది ఒక్కటి గుర్తుంటే చాలు. పొద్దున ఎండ తూర్పు ముఖం మీద పడుతుంది కాబట్టి అప్పుడు క్రిసీ ఫీల్డ్, ఫోర్ట్ పాయింట్ వైపు ఉండాలి. మధ్యాహ్నం మూడు దాటాక పడమటి ముఖం వెలుగుతుంది, అప్పుడు బేకర్ బీచ్‌కి మారాలి. రెండు పూటల్లో ఒక్కటే కుదిరేట్టయితే నేను బేకర్ బీచ్‌కే ఓటు వేస్తాను. ఏటవాలు ఎండలో ఆ నారింజ రంగు లోపల్నుంచి వెలిగినట్టు ఉంటుంది.

ఫోర్ట్ పాయింట్ గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి. 1853 నుంచి 1861 వరకు కట్టిన ఇటుక కోట అది. వంతెనకి అడ్డొస్తుంటే చీఫ్ ఇంజినీర్ జోసెఫ్ స్ట్రాస్ దాన్ని కూల్చనివ్వకుండా, కోట పైనుంచి ఒక ఉక్కు ఆర్చ్ వేయించాడు. కింద నిలబడి పైకి చూస్తే ఆ ఆర్చ్, దాని మీదుగా పోయే రోడ్డు, కోట గోడ ఒకే ఫ్రేములోకి వస్తాయి. వైడ్ లెన్స్ ఉంటే ఇక్కడ వాడండి. 28 నంబరు మునీ (శాన్ ఫ్రాన్సిస్కో సిటీ) బస్సు వంతెన దగ్గర దింపుతుంది, అక్కణ్నుంచి బాట పట్టుకుని కిందికి దిగాలి. రోడ్డు చివర కంచెకి రెండు అరచేతుల బొమ్మ ఉన్న పలక ఒకటి ఉంటుంది. హాపర్స్ హ్యాండ్స్ అంటారు, వంతెన మీద పనిచేసిన కార్మికుడి పేరు మీద పెట్టింది. పరుగెత్తుకుంటూ వచ్చేవాళ్లు దాన్ని అరచేతులతో తాకి వెనక్కి తిరుగుతారు. నేనొక పొద్దున అరగంట అక్కడే కూర్చున్నాను. చెమట పట్టిన ఒక ముసలాయన చేతులు ఆ పలక మీద ఆనిన క్షణం, వెనక మసకగా వంతెన. ఆ ఏడు నేను తీసినవాటిలో మా ఆవిడ ఫ్రేము కట్టించింది అదే. వంతెన కోసం వెళ్లినప్పుడు దాని కింద మనుషులు ఏం చేస్తున్నారో కూడా ఒక కంట కనిపెట్టి ఉండండి. అలలు బాగున్న రోజున అక్కడే సర్ఫింగ్ చేసేవాళ్లూ ఉంటారు.

పొగమంచు సంగతి తెలియకపోతే ప్లానంతా తారుమారవుతుంది. జూన్, జూలై, ఆగస్టు నెలల్లో లోపలి లోయలు బాగా వేడెక్కి, ఆ వేడిగాలి పైకి లేస్తుంది. ఆ వెలితిలోకి సముద్రం మీది చల్లగాలి కొండల మధ్య ఉన్న ఒకే ఒక్క సందు, గోల్డెన్ గేట్ గుండా దూసుకొస్తుంది. ఆ ఒడ్డు వెంట నీళ్లు ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటాయి కాబట్టి గాలిలోని తేమ మంచుగా మారుతుంది. ఫ్రీమాంట్‌లో చెమటలు పట్టే రోజునే వంతెన దగ్గర పళ్లు టకటకలాడతాయి. స్వెటర్ లేకుండా బయల్దేరకండి. తేట ఆకాశం కావాలంటే సెప్టెంబరు, అక్టోబరు మంచివి.

కానీ పొగమంచు ఉంది కదా అని మానుకోవద్దు. రెండు అంకెలు చెప్తాను. వంతెన స్తంభాల ఎత్తు నీటి నుంచి 746 అడుగులు. ఉత్తరపు ఒడ్డున, మరిన్ కొండల్లో ఉన్న హాక్ హిల్ ఎత్తు 923 అడుగులు. మంచు పైమట్టం ఈ స్తంభాల కంటే కిందుంటే, కొండ మీద మనం ఎండలో ఉంటాం, మన కింద తెల్లటి దుప్పటిలోంచి రెండు నారింజ కొనలు మాత్రం పైకి లేచి కనపడతాయి. వంతెన చూపించే లైవ్ వెబ్‌క్యామ్‌లు ఉన్నాయి, బయల్దేరే ముందు వాటిలో స్తంభాల కొనలు కనపడుతున్నాయో లేదో చూసుకోండి. అల్లుణ్ని ఒక శనివారం తెల్లారగట్ల నాలుగున్నరకి లేపాను. పాపం ఏమీ అనకుండా కారు తీశాడు. పైకెక్కేసరికి మంచు స్తంభాల నడుము దాకా ఉంది. మంచులో ఓడలని హెచ్చరించే వంతెన మీది ఫాగ్ హార్న్ కింద ఎక్కడో మోగుతోంది, కారు హెడ్‌లైట్లు మంచు లోపల పసుపుపచ్చ మరకల్లా కదులుతున్నాయి. ఇరవై నిమిషాలకి మంచు పైకి లేచి అన్నిటినీ మింగేసింది. ఆ ఇరవై నిమిషాల కోసం గంట ముందే చేరుకోవాలి. దారిలో ఉన్న బ్యాటరీ స్పెన్సర్ అనే పాత ఫిరంగి స్థావరం వంతెనకి ఇంకా దగ్గర. చలికాలంలో అక్కణ్నుంచి చూస్తే సూర్యుడు ఊరి వెనకనుంచే ఉదయిస్తాడు. పార్కింగ్ మాత్రం కొద్ది కార్లకే.

కారు అన్నాను కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. వ్యూ పాయింట్ల దగ్గర కారు అద్దాలు పగలగొట్టి సామాను ఎత్తుకుపోవడం అక్కడ మామూలే. మా పక్కింటివాళ్ల బంధువు సీటు మీద ఖాళీ సంచి ఒకటి వదిలేసి వెళ్లాడు. లోపల ఏమీ లేదు, అయినా అద్దం పోయింది. పర్యటన చెడి, ఆ టెన్షన్‌లో తర్వాతి రెండు రోజులూ కెమెరా బయటికి తియ్యలేదట. సీట్ల మీద చార్జరు వైరు కూడా కనపడనివ్వకండి. డిక్కీలో పెట్టేదుంటే ఇంటి దగ్గరే పెట్టుకోండి, అక్కడికెళ్లి నలుగురు చూస్తుండగా కాదు. డ్రోన్ తీసుకెళ్లే ఆలోచన ఉంటే మానుకోండి, ఈ కొండలు, బీచ్‌లు చాలావరకు నేషనల్ పార్క్ సర్వీసు కిందివి, అక్కడ ఎగరేయడం నిషేధం. బేకర్ బీచ్ నుంచి రాళ్ల వెంట ఉత్తరానికి మార్షల్స్ బీచ్ వైపు వెళ్లాలనుకుంటే పోటు వేళలు చూసుకునే వెళ్లండి. పోటు సమయంలో ఆ దారి నీళ్లలో మునుగుతుంది.

ఊరి లోపల చూడదగ్గవి లేవని కాదు, వేళ తెలియాలి అంతే. అలామో స్క్వేర్ ఎదుట ఉండే రంగుల ఇళ్లు పడమర ముఖంగా ఉంటాయి, సాయంత్రమే వెళ్లాలి. లొంబార్డ్ వీధి వంపులు కింద నుంచి చూస్తే పడమరకి చూసినట్టు, కాబట్టి పొద్దున మంచిది. కాలిఫోర్నియా వీధిలో కొండ మీద నిలబడి తూర్పుకి చూస్తే మేడల మధ్య సందులో బే బ్రిడ్జి స్తంభం, ముందు ఎక్కి వస్తున్న కేబుల్ కారు కనపడతాయి. దీనికి పొడవాటి లెన్స్ కావాలి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు. అది ఏ పోస్టుకార్డు మీదా కనపడదు. ఫ్రీమాంట్ పక్కనే, డంబార్టన్ వంతెన దగ్గర డాన్ ఎడ్వర్డ్స్ వన్యప్రాణి ఆశ్రయం ఉంది. అఖాతం దక్షిణపు కొసంతా ఒకప్పుడు ఉప్పుమడులే. 2003లో వాటిలో 15,100 ఎకరాలు కొని, మళ్లీ మడ భూములుగా మార్చే పని మొదలుపెట్టారు. మిగిలిన మడుల్లో ఉప్పు తక్కువున్న నీరు ఆకుపచ్చగా, ఉప్పు పెరిగేకొద్దీ నారింజగా, బాగా ముదిరాక ఎర్రగా ఉంటుంది. ఆ ఉప్పు ఓర్చుకునే సూక్ష్మజీవుల రంగులవి. విమానం దిగేటప్పుడు కిటికీలోంచి కనపడే రంగురంగుల గళ్లు ఇవే. కిటికీ పక్క సీటు అడిగి తీసుకోండి, ఫోన్ చేతిలో సిద్ధంగా పెట్టుకోండి.

నేల మీద మాత్రం ఇక్కడ తొందరపడకూడదు. గట్ల మీద నడుస్తూ పోతుంటే పాతకాలపు కొయ్య గుంజలు నీళ్లలో నిలబడి ఉంటాయి. ఒక గుంజకి నీటి మట్టం దగ్గర ఉప్పు పేరుకుని, దగ్గరగా వంగి చూస్తే చక్కెర పలుకుల్లా చదరంగా మెరుస్తోంది. దాని నీడలో ఒక అవొసెట్ పిట్ట, పైకి వంగిన సన్నటి ముక్కుని నీటిలో కుడికీ ఎడమకీ కొడవలిలా తిప్పుతూ తిండి ఏరుకుంటోంది. నేను కదలకుండా గట్టు మీద కూర్చున్నాను. పావుగంటలో అది నాకు పది అడుగుల దగ్గరికొచ్చింది. పిట్టల కోసం వెళ్లినప్పుడు వాటి వెంట పడొద్దు, ఒకచోట కూర్చుంటే అవే వస్తాయి. సూర్యుణ్ని వీపుకి పెట్టుకోండి, కెమెరాని వీలైనంత కిందికి, నీటి మట్టానికి దగ్గరగా పట్టుకోండి. పక్కనే కయోటీ హిల్స్ గుట్టలున్నాయి. వాటి మీదికెక్కితే మడులన్నీ, అవతల అఖాతం కనపడతాయి.

చివరగా పడవల మాట. బార్ట్‌లో ఎంబార్కడెరో స్టేషన్‌లో దిగితే ఫెర్రీ బిల్డింగ్ ఎదురుగానే ఉంటుంది. అరవై ఐదు దాటినవాళ్లు వయసు రుజువు చూపించి సీనియర్ క్లిపర్ కార్డు (రైళ్లకీ బస్సులకీ పడవలకీ పనికొచ్చే టికెట్ కార్డు) తీసుకుంటే టికెట్లు బాగా తగ్గుతాయి. ఓక్లాండ్ పడవ బే బ్రిడ్జి కింద నుంచి వెళ్లి, రేవులో కంటెయినర్లు ఎత్తే పెద్ద క్రేన్ల పక్కగా పోతుంది. పై డెక్కు మీద కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి నిలబడటానికి రానూపోనూ ప్రయాణం పెట్టుకోండి. పడవ అదురుతుంది కాబట్టి ట్రైపాడ్ పనికిరాదు, షట్టర్ వేగం పెంచండి, మోచేతులు రెయిలింగుకి ఆనించకండి.

ఒకే ఒక్క సాయంత్రం ఉందంటే ట్రెజర్ ఐలండ్‌కి వెళ్లండి. 1939లో జరిగిన పెద్ద అంతర్జాతీయ ప్రదర్శన కోసం నీళ్లలో మట్టి పోసి చేసిన దీవి అది. పడవలో పది నిమిషాలు. డిసెంబరులో ఐదుకి ముందే, జూన్‌లో ఎనిమిదిన్నరకి సూర్యాస్తమయం. అస్తమయం అవగానే అందరూ వెళ్లిపోతారు, మీరు ఆగండి. ఆకాశం ఇంకా నీలంగా ఉండగానే మేడల్లో దీపాలు వెలుగుతాయి. ట్రాన్సమెరికా పిరమిడ్, సేల్స్‌ఫోర్స్ టవర్, బే బ్రిడ్జి, వాటి కాంతి నీటిలో. ఆకాశం వెలుగు, దీపాల వెలుగు రెండూ సమానంగా ఉండేది పావుగంట కూడా కాదు. ట్రైపాడ్ గట్టు మీద గట్టిగా నాటండి, అక్కడ గాలి ఎక్కువ, సంచీని కింద కొక్కేనికి తగిలిస్తే కదలదు. ఆఖరి పడవ వెళ్లిపోతుందేమోనని కంగారుపడి సామాను సర్దేయకండి. అక్కణ్నుంచి ఊళ్లోకి 25 నంబరు మునీ బస్సు రాత్రంతా తిరుగుతుంది.