చేప జన: చూసి కొనడం, చెదరకుండా వండడం

తుంగభద్ర, హంద్రీ కలిసే కర్నూలులో చేపలు కొనడానికి వెళ్లేవారు బరువు అడుగుతారు, ధర అడుగుతారు, ముక్కలు ఎంత మందంగా కోయాలో చెబుతారు. కడుపులో జన, అంటే గుడ్ల తిత్తి, ఉందా అని మాత్రం చాలామంది అడగరు. అడగకపోతే అది పేగులతోపాటు బుట్టలోకి పోతుంది. చేపలో అన్నిటికన్నా రుచికరమైన భాగం అదేనని నమ్మే కుటుంబంలో పెరిగాను కాబట్టి, చేపల సంతలో నేను మొదట అనే మాట ఒకటే: "అక్కా, జన ఉంటే చెదరకుండా పక్కన పెట్టు." చేప కడుపు మీద కత్తి పెట్టకముందే ఈ మాట చెప్పాలి. కోసిన తరువాత చెబితే తిత్తి అప్పటికే తెగి ఉంటుంది.

ఏ చేపలో జన ఉంటుందో తెలియాలంటే ఆ చేప వయసు, కాలం తెలియాలి. మనకు ఎక్కువగా దొరికే రోహు, బొచ్చె, మోసు వానాకాలంలో కొత్త నీరు పారే నదుల్లో గుడ్లు పెట్టే చేపలు. చెరువుల్లోని నిలవ నీటిలో వాటి కడుపులో గుడ్లు పండుతాయే గాని, మామూలుగా బయటికి రావు. 1957లో ఒడిశాలో ఈ జాతి చేపలకు మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి సారాన్ని సూదిమందుగా ఇచ్చి గుడ్లు పెట్టించడంలో విజయం సాధించిన తరువాతే చెరువుల పెంపకానికి చేపపిల్లల కొరత తీరే దారి ఏర్పడింది. కొనేవారికి ఇందులో పనికివచ్చే సంగతి ఏమిటంటే, వేసవి చివరి నుంచి వానల మధ్య వరకు పెద్ద ఆడచేపలో జన నిండుగా ఉంటుంది, ఆ తరువాత గుడ్లు పెట్టని చేపలో అది నీరు పట్టి, వదులై, క్రమంగా శరీరంలోనే ఇంకిపోతుంది. రోహు సాధారణంగా రెండేళ్లకు గాని గుడ్లకు రాదు. అందుకే ఐసు పెట్టెల్లో కోస్తా చెరువుల నుంచి వచ్చే కిలో చేపల్లో జన కోసం వెతకడం చాలావరకు వృథా. రెండు కిలోలు దాటిన, పొట్ట మెత్తగా ఉబ్బి ఉన్న చేపను చూపించమని అడగండి. పెద్ద రోహు తన శరీర బరువులో కిలోకు రెండు లక్షలకు పైగా గుడ్లు మోస్తుందంటే, ఒక్క చేపతోనే ఇంటిల్లిపాదికీ ఒక పూట కూర ఎందుకు సరిపోతుందో అర్థమవుతుంది.

బంగారు తీగ తీరు వేరు. అది నిలవ నీటిలోనే, ఏడాదిలో ఒకటికి మించిన సార్లు గుడ్లు పెడుతుంది కాబట్టి మిగతా చేపల్లో జన లేని నెలల్లోనూ దానిలో దొరికే అవకాశం ఉంది. కొరమీను జన ముదురు పసుపు రంగులో చిన్నదిగా ఉన్నా రుచిలో గాఢమైనది. అయితే వానాకాలంలో కొరమీను జంట తన పిల్లల గుంపును కాపలా కాస్తూ తిరుగుతుంది. ఆ సమయంలో తల్లిదండ్రులను పడితే పిల్లలు ఇతర చేపల పాలవుతాయి. అలా పట్టిన కొరమీనును నేను కొనను, మీరూ కొనవద్దని కోరుతున్నాను. సముద్రపు చేపల జన కావాలంటే తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు యాంత్రిక పడవల వేటకు నిషేధం ఉంటుందన్నది గుర్తుంచుకోండి. ఆ రోజుల్లో తాజా సరుకు అంటూ అమ్మేది ఎక్కడిదో అడిగి తెలుసుకోవాలి.

ఇక చేతిలోకి తీసుకుని చూడండి. మంచి జన రెండు పొడవాటి తిత్తులుగా, జంటగా ఉంటుంది. పలచని పొర కింద గింజలు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. పొర మీద పాకిన రక్తనాళాలు ఎర్రగా ఉండాలి, గోధుమ రంగుకు తిరిగితే నిలవ సరుకు. వేలితో మెల్లగా నొక్కితే లోపలికి పోయి తిరిగి లేవాలి. చేతికి జిగురు నీరు అంటినా, పొర చిట్లి గింజలు పేస్టులా కారుతున్నా, ఘాటైన వాసన వచ్చినా వదిలివేయండి. తెల్లగా, గింజ లేకుండా నునుపుగా ఉన్నది మగచేపలోని బీజగ్రంథి. తినడానికి అదీ పనికివస్తుంది గాని, జన ధర చెల్లించవలసిన పని లేదు.

శుభ్రం చేసేటప్పుడు మొదట చూడవలసింది పైత్యపు తిత్తి పగిలిందా అన్నది. ఆకుపచ్చ మరక కనబడితే ఆ భాగం కోసి పారవేయాలి. దాని చేదు ఎంత కడిగినా పోదు. రోహు, గడ్డిచేప వంటి వాటి పైత్యపు తిత్తిని మందుగా పచ్చిగా మింగినవారికి మూత్రపిండాలు దెబ్బతిన్న సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి, కాబట్టి ఎవరు చెప్పినా ఆ పని చేయవద్దు. జనను కుళాయి ధార కింద పెట్టకుండా, ఉప్పు, పసుపు కలిపిన చల్లని నీటిలో పది నిమిషాలు ఉంచండి. పెద్ద రక్తనాళాన్ని సూదితో ఒకచోట గుచ్చి, వేలితో నిమిరితే నల్లరక్తం బయటికి వచ్చేస్తుంది.

వేపుడులో చాలామంది చేసే పొరపాటు పచ్చి జనను నేరుగా కాగిన నూనెలో వేయడం. లోపలి తేమ ఆవిరై గింజలు పేలి నూనె ముఖం మీదికి చిమ్ముతుంది. మా ఇంట్లో ఒకసారి మా పిన్నికి ముంజేయి కాలింది. ఆనాటి నుంచి మేము ముందుగా ఉడికించి గాని వేయించము. వెడల్పు గిన్నెలో పసుపు, ఉప్పు, కొంచెం చింతపండు పులుసు వేసిన నీరు వేడిచేసి, తెర్లకముందే తిత్తులను జారవిడిచి, సన్నని సెగ మీద పది నిమిషాలు ఉంచితే గింజ గట్టిపడి రంగు లేతపసుపుకు మారుతుంది. మందపాటి తిత్తి మధ్య కోసి చూస్తే లోపల కూడా అదే రంగు రావాలి. చల్లారాక వేలెడు మందంగా ముక్కలు కోసి, ఎండుమిరప కారం, తెల్లగడ్డ ముద్ద, ధనియాల పొడి, ఉప్పు పట్టించి, బియ్యప్పిండి పలచగా అద్ది, వేరుశనగ నూనె రాసిన ఇనుప పెనం మీద మూత పెట్టి రెండువైపులా ఎర్రగా కాల్చాలి. గరిటెతో కదిపితే విరుగుతాయి, ఒక వైపు పూర్తిగా పట్టిన తరువాతే తిప్పండి.

చిట్లిపోయిన జనకు పొరుటు తగిన దారి. తరిగిన ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు, కరివేపాకు వేగాక దాన్ని వేసి, విడివిడి గింజలయ్యేవరకు కలుపుతూ వేయిస్తే జొన్నరొట్టెలో పెట్టుకోవడానికి ఎంతో బాగుంటుంది. పులుసులోనైతే, చేపముక్కలు ఉడికాక, ముందే ఉడికించిన జన ముక్కలను చివర వేసి, గరిటె పెట్టకుండా గిన్నె చెవులు పట్టి తిప్పాలి. ఆ పులుసు పూట గడిచాక రాగి సంగటితో తినండి. అంతలో జన ముక్కలు చింతపండు పులుపును, కారాన్ని లోపలిదాకా పీల్చుకుంటాయి.

డబ్బాల్లో వచ్చే కేవియర్ గురించి అడిగేవారికి రెండు మాటలు. అసలు కేవియర్ అంటే స్టర్జన్ చేపల గుడ్లు. ఆ జాతులన్నీ 1998 నుంచి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణలో ఉన్నాయి, అందుకే అంత ధర. చవకగా దొరికే నల్ల గుడ్లు చాలావరకు రంగు వేసిన, లంప్‌ఫిష్ అనే వేరే సముద్రపు చేపవి. కేవియర్‌ను వేడి చేయకుండా, ముత్యపు చిప్ప చెంచాతోనో చెక్క చెంచాతోనో చల్లగా తింటారు. వెండి చెంచా రుచిని మారుస్తుంది. మన చెరువు చేప జనను మాత్రం ఎప్పుడూ అలా పచ్చిగా తినకూడదు. పరాన్నజీవుల భయం ఉంటుంది.

100 గ్రాముల పచ్చి జనలో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు, వాటితోపాటు 370 మిల్లీగ్రాములకు పైగా కొలెస్టరాల్ ఉంటాయి. కీళ్లవాతం ఉన్నవారు, చేప పడనివారు వైద్యుని అడిగి తినాలి. కొన్న జనను ఆ రోజే వండండి. వీలుకాకపోతే కడగకుండా మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఫ్రిజ్ చల్లని అరలో పెట్టి మరునాటి లోపల వండాలి. గడ్డకట్టించి దాచినదాన్ని బయట కాక, ఫ్రిజ్‌లోనే రాత్రంతా ఉంచి కరిగించాలి.