ఓపెన్ సోర్స్ బగ్ ఫిక్సింగ్ – 3వ భాగం: ముందు ఫెయిలయ్యే టెస్ట్, తర్వాతే ఫిక్స్

పోయిన భాగంలో సోర్స్ దించుకుని, బిల్డ్ చేసి, ఉన్న టెస్టులన్నీ ఒకసారి నడిపి చూశాం. ఇవాళ అసలు బగ్ ఒకటి పట్టుకుందాం. జావా లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లో (వరసలో ఉన్న లిస్టును ప్రతిసారీ సగానికి తగ్గిస్తూ వెతికే పద్ధతి) సుమారు తొమ్మిదేళ్లు ఎవరి కంటా పడకుండా ఉండి, 2006లో బయటపడిన బగ్ ఇది. దాని గురించి అందరికీ చెప్పిన జాషువా బ్లాక్, ఆ కోడ్ రాసినాయనే. తప్పంతా ఈ ఒక్క లైనులో ఉంది ('లో', 'హై' అంటే ఇంకా వెతకాల్సిన భాగానికి మొదటి, చివరి స్థానాలు, 'మిడ్' వాటి మధ్య స్థానం):

మిడ్ = (లో + హై) / 2

లెక్కల మాస్టారికి చూపిస్తే ఫుల్ మార్కులు వేస్తారు. కానీ జావాలో పూర్ణాంకాలు దాచే 'ఇంట్' అనే రకంలో పట్టే అతి పెద్ద సంఖ్య 2147483647. లో, హై కలిపి దాన్ని దాటితే మొత్తం మైనస్‌లోకి తిరిగిపోతుంది.

కాగితం మీద వేసి చూడండి. లిస్టులో 150 కోట్ల అంకెలు, 0 నుంచి వరసగా ఉన్నాయి. చివరిదాన్ని వెతుకుతున్నాం. లో 0, హై 1499999999. మొదటి మిడ్ 749999999. మనకు కావాల్సింది ఇంకా పైన ఉంది కాబట్టి లో 750000000 అవుతుంది. ఇప్పుడు రెండూ కూడితే 2249999999 రావాలి. ఇంట్‌లో పట్టదు, -2044967297 అవుతుంది. రెండుతో భాగిస్తే మిడ్ -1022483648. రెండో అడుగుకే బోల్తా!

సరే, దీనికి టెస్ట్ ఎలా రాయాలి? 150 కోట్ల ఇంట్‌లను వరసగా మెమరీలో పెట్టే అరేకే 6 జీబీ కావాలి. అలాంటి టెస్ట్ పంపితే ఏ మెయింటెయినరూ (ప్రాజెక్టును చూసుకుంటూ మార్పులు ఒప్పుకునే మనిషి) తీసుకోడు, తీసుకోకపోవడమే న్యాయం. దారి ఏమిటంటే, ఉత్తుత్తి లిస్టు. సొంత లిస్టులు రాసుకోవడానికి జావా ఇచ్చే అబ్‌స్ట్రాక్ట్‌లిస్ట్ అనే క్లాసును ఎక్స్‌టెండ్ చేసి, సైజ్ అడిగితే 150 కోట్లు అని, గెట్(ఐ) అడిగితే ఐ అని చెప్పించండి. మెమరీ ఖర్చు దాదాపు సున్నా.

ఇక్కడ రెండు చోట్ల చాలామంది ఇరుక్కుంటారు. ఒకటి, గెట్‌లో ఐ మైనస్ అయితే ఎక్సెప్షన్ విసరాలి. ఆ చెక్ మరిచిపోతే గెట్ ఆ మైనస్ అంకెనే బుద్ధిగా తిరిగిచ్చేస్తుంది, లూప్ అక్కడక్కడే తిరుగుతుంది, టెస్ట్ ఫెయిల్ కాదు, పాసూ కాదు. రెండు, మీ లిస్టు రాండమ్‌యాక్సెస్‌ను (ఏ స్థానానికైనా నేరుగా వెళ్లొచ్చని చెప్పే గుర్తు) ఇంప్లిమెంట్ చేయాలి. లేకపోతే కలెక్షన్స్ క్లాసులోని బైనరీ సెర్చ్ 5000 దాటిన లిస్టును ఇటరేటర్‌తో ఒక్కో ఎలిమెంటూ దాటుకుంటూ వెతుకుతుంది. మిడ్ దాకా చేరడానికే కోట్ల అడుగులు పడతాయి.

బగ్‌ను ఎప్పుడో సరిచేశారు కాబట్టి ఇప్పటి జావాలో ఈ టెస్ట్ పాసవుతుంది. అందుకే ఆ బైనరీ సెర్చ్ మెథడ్‌ను మీ ప్రాజెక్టులోకి కాపీ చేసుకుని, పాత లైను పెట్టి నడపండి. టెస్ట్ ఫెయిలైందని చెప్పే ఎర్ర గీత చూశాకే ఫిక్స్ రాయండి. మొదటి నుంచీ పచ్చగా ఉన్న టెస్ట్ ఏ బగ్‌నీ పట్టినట్టు కాదు.

జావాలో చేసిన ఫిక్స్ ఇదీ:

మిడ్ = (లో + హై) >>> 1

ఇక్కడా మొత్తం మైనస్‌లోకే పోతుంది. కానీ >>> గుర్తు బిట్లను పక్కకు జరిపి, ఖాళీ అయిన ఎడమ చివర సున్నా పెడుతుంది. దాంతో మన ఉదాహరణలో మిడ్ 1124999999 అని సరిగ్గానే వస్తుంది. లో + (హై - లో) / 2 అని రాసినా ఇక్కడ పని జరుగుతుంది. చదవడానికి నాకు ఇదే నచ్చుతుంది.

కమిట్‌లో (ప్రాజెక్టుకు పంపే మార్పుల మూటలో) ఈ లైనూ, టెస్టూ తప్ప ఇంకేమీ వద్దు. పనిలో పనిగా ఫైలంతా ఫార్మాట్ చేయాలని చేతులు దురద పెడతాయి, ఆపుకోండి. అయితే పంపే ముందు లైబ్రరీ అంతటా "/ 2" కోసం ఒకసారి వెతకండి. ఇదే తప్పు మెర్జ్‌సార్ట్‌ల్లో (లిస్టును సగాలుగా విడదీసి వరసలో పెట్టే పద్ధతి) కూడా ఉండేది.

హోంవర్క్: లో -4, హై -2 అనుకుని పై రెండు ఫిక్సులూ వేసి చూడండి. ఒకటి -3 ఇస్తుంది, ఇంకోటి 2147483645 ఇస్తుంది. మరి బైనరీ సెర్చ్‌లో ఆ 2147483645 ఇచ్చే ఫిక్స్ ఎందుకు ఇబ్బంది పెట్టదో రెండు వాక్యాల్లో రాయండి.

వచ్చే భాగంలో 2015లో దొరికిన టిమ్‌సార్ట్ (జావా, పైథాన్ లిస్టులను వరసలో పెట్టడానికి వాడే పద్ధతి) బగ్. జావా వాళ్లు అది లోపల వాడే స్టాక్ (తాత్కాలికంగా లెక్కలు పెట్టుకునే చోటు) సైజును 40 నుంచి 49కి పెంచి సరిపెట్టారు, పైథాన్ వాళ్లు లోపలి చెక్‌నే సరిచేశారు. మెయింటెయినర్ మీరే అయితే ఏ ప్యాచ్ తీసుకుంటారో ఆలోచించి పెట్టుకోండి.